గంప ఎత్తినప్పుడే తెలుస్తుంది: పెరటి కోళ్ల జబ్బులు, కోడిపిల్లల బాగోగులు

కోడి తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. నలతగా కనిపిస్తే పక్క కోళ్లు పొడుస్తాయి మరి. "ఇదేంటి, ఇలా ముడుచుకు కూర్చుంది" అని మనకు అనిపించేసరికి దానికి బాగోలేక ఒకటి రెండు రోజులు అయిపోయి ఉంటుంది. మా అమ్మ పొద్దున్నే గూడు తలుపు తీయగానే మేత చల్లేది కాదు. రెండు నిమిషాలు పక్కన నిలబడి ఏది ముందు దూకిందో, ఏది చివర దిగిందో, గూట్లో రెట్ట ఎలా ఉందో చూసేది. ఆ తర్వాతే నూకల చేట బయటికొచ్చేది. నేను కింద రాసినదంతా ఆ రెండు నిమిషాల్లో కనిపించే వాటి గురించే.

ఏ జబ్బయినా ముందు చేయాల్సింది

నలతగా ఉన్న కోడిని వెంటనే విడిగా, గాలి కొట్టని చోట గంప కింద పెట్టండి. కింద పొడి గోనె వేయండి. లీటరు నీళ్లలో చెంచాడు బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి ముందు పెట్టండి. మేత, నీళ్లు ముందు బాగున్న వాటికి ఇచ్చి, జబ్బు కోడి దగ్గరికి చివరగా వెళ్లండి. తర్వాత చేతులు, చెప్పులు కడుక్కోండి. జబ్బు ఒక కోడి నుంచి ఇంకో కోడికి మన చేతుల మీదుగా కూడా పాకుతుంది.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ గొట్టం మాత్ర విప్పి నోట్లో పోయడం మన ఊళ్లలో బాగా అలవాటు. దయచేసి వద్దు. వైరస్ జబ్బుకు అది పని చేయదు. పని చేసే జబ్బుకైనా మోతాదు తెలియకుండా ఇస్తే సగం నయమై మళ్లీ తిరగబెడుతుంది. పైగా ఆ మందు గుడ్డులోకి వస్తుంది. డాక్టర్ ఏ మందు రాసినా, ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అడిగి రాయించుకోండి.

రెట్ట గురించి కూడా ఒక మాట. మామూలు రెట్ట గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగులో, పైన తెల్లటి టోపీతో ఉంటుంది. రోజుకు ఒకటి రెండు సార్లు చాక్లెట్ రంగులో, జిగటగా, కంపు కొడుతూ కూడా వేస్తుంది. అది పేగు చివరి సంచుల నుంచి వచ్చేది, జబ్బు కాదు. దాన్ని చూసి టెన్షన్ పడి మందుల షాపుకు పరిగెత్తినవాళ్లు చాలామంది ఉన్నారు, నాతో సహా.

తూగుతోంది, మేత ముట్టడం లేదు, ఆకుపచ్చ నీళ్ల రెట్ట

ఒక్క కోడే ఇలా ఉంటే కంగారు పడకండి. రెండు రోజులు ఏమీ తినని ఏ కోడైనా ఆకుపచ్చగానే వేస్తుంది, అది పైత్యరసం రంగు. కానీ రెండు మూడు రోజుల్లో మూడు నాలుగు కోళ్లు ఒకేలా తూగుతూ, నోరు తెరిచి గురగురమని ఊపిరి తీస్తూ ఉంటే కొక్కెర తెగులేమో అనుకోవాలి. రాణిఖేత్ అన్నా ఇదే. కుమావూ కొండల్లోని ఆ ఊరి పేరే జబ్బుకు పడింది. తట్టుకుని బతికిన వాటిలో కొన్నిటికి మెడ మెలితిరిగి తల వెనక్కి పోతుంది, రెక్క గానీ కాలు గానీ పడిపోతుంది.

దీనికి మందు లేదు. ఈ ముక్క చెప్పడానికి ఇష్టం లేక చాలామంది ఏదో ఒక పొడి అమ్మేస్తారు. మనం చేయగలిగింది జబ్బు వాటిని విడదీయడం, నీళ్లు తాగించడం, గూడు కడిగి సున్నం కొట్టడం. టీకా వేయని మందలో వందకు తొంభై పోయినా ఆశ్చర్యం లేదు.

ఇది ఎక్కువగా కొత్త కోడితో వస్తుంది. ఒకసారి సంతలో రెండు పెట్టలు కొన్నాను. నిగనిగలాడుతున్నాయి కదా అని ఆ సాయంత్రమే గూట్లో కలిపేశాను. ఆరో రోజున ఒకటి తూగింది. పన్నెండో రోజుకు గూట్లో మిగిలింది మూడు. అప్పటి నుంచి ఏ కోడి తెచ్చినా మూడు వారాలు వేరే చోటే. చుట్టాలు ప్రేమగా ఇచ్చిన కోడైనా అంతే, వాళ్లేమైనా అనుకోనీ.

ముఖం ఉబ్బింది, కళ్లు మూసుకుపోయాయి, ముక్కు కారుతోంది

దగ్గరికి తీసుకుని వాసన చూడండి. ముక్కు దగ్గర కుళ్లు కంపు వస్తే చాలావరకు కొరైజా. ఇది బ్యాక్టీరియాతో వచ్చేది, డాక్టర్ ఇచ్చే యాంటీబయాటిక్‌కు లొంగుతుంది. కంపు లేకుండా తుమ్ములు, గురక వారాల తరబడి సాగితే దీర్ఘకాలపు శ్వాస జబ్బు అయి ఉండొచ్చు. ఈ రెండింటికీ గూట్లో గాలి ఆడకపోవడం తోడవుతుంది. మీరే గూట్లో తలపెట్టి చూడండి. ఘాటుకు కళ్లు మండితే కోడికీ మండుతున్నట్టే. కళ్లను రోజుకు రెండుసార్లు గోరువెచ్చని ఉప్పునీళ్లతో తుడవండి. కన్ను కనబడక మేత దొరక్క చచ్చేవే ఎక్కువ, కాబట్టి ముద్ద చేసి నోటికి అందించండి.

జుట్టు మీద, కళ్ల చుట్టూ పొక్కులు

అమ్మోరు. నల్లగా గట్టిపడిన పొక్కులు ముఖం మీద, ముక్కు మొదట్లో కనిపిస్తాయి. దోమల వల్ల, పొడుచుకున్న గాయాల వల్ల పాకుతుంది. పొక్కులు గిల్లొద్దు. వేపనూనెలో పసుపు కలిపి రాస్తే మెత్తబడతాయి, ఈగలు వాలవు. మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గిపోతుంది. నోటి లోపల పసుపు పచ్చటి పొరలు కడితే మాత్రం ఊపిరి ఆడదు, అది డాక్టర్ చూడాల్సిన కేసు. సాయంత్రం వేపాకు పొగ వేసేవాళ్లు గూడు బయట వేయండి. కోడి ఊపిరితిత్తులు పొగకు తట్టుకోలేవు.

తింటోంది, కానీ బక్కచిక్కుతోంది

కోడిని పట్టుకుని రొమ్ము ఎముక తడమండి. కత్తి అంచులా తగిలితే కారణం చాలావరకు రెండింట్లో ఒకటి. మొదటిది ఏలిక పాములు. వీటికి పశువుల ఆసుపత్రిలో మందు దొరుకుతుంది, మందలో అన్నిటికీ ఒకే రోజు తాగించాలి. రెండోది పిడుదులు. ఇవి పగలు దొరకవు. రాత్రి పదింటికి టార్చి తీసుకుని గూటికి వెళ్లండి. రెక్క ఎత్తి తొడ దగ్గర చూడండి, తర్వాత వెదురు సందుల్లోకి, గోడ పగుళ్లలోకి వెలుగు వేయండి. కంది గింజల్లా నల్లగా కదిలేవి అవే. రాత్రి రక్తం తాగి తెల్లారేసరికి సందుల్లోకి దూరతాయి. కోడికి ఎంత మందు రాసినా గూడు వదిలేస్తే లాభం లేదు. కోళ్లను బయటికి తోలి, పగుళ్లన్నీ మట్టితో, సున్నంతో పూడ్చి, పిడుదుల మందు సందుల్లో కొట్టి, ఆరాకే లోపలికి పంపాలి. పెరట్లో ఒక మూల పొడి మట్టి, కట్టెల బూడిద పోసి ఉంచితే పేల సంగతి కోడే చూసుకుంటుంది.

పెట్ట మాటిమాటికీ ముక్కుతోంది, తోక వాల్చి నిలబడింది

గుడ్డు అడ్డం పడి ఉంటుంది. గోరువెచ్చని నీళ్ల టబ్బులో నడుము దాకా పావుగంట కూర్చోబెట్టండి. తుడిచి, కొబ్బరినూనె రాసి, చీకటి గదిలో వదిలేయండి. లోపల గుడ్డు పగలకొడితే పెంకులు కోసేస్తాయి, వేళ్లు పెట్టి లాగొద్దు. ఆ రోజుకు దిగకపోతే ఆసుపత్రే. తోలు గుడ్లు పెడుతుంటే సున్నం సరిపోవడం లేదన్నమాట: నత్త గుల్లలు గానీ, వేయించి పొడి చేసిన గుడ్డు పెంకులు గానీ విడిగా ఒక చిప్పలో పెట్టండి.

రాత్రికి రాత్రి చాలా కోళ్లు చనిపోయాయి

జుట్టు నీలంగా మారి, ముఖం వాచి గానీ, అసలు ఏ లక్షణమూ లేకుండా గానీ వరసగా చస్తుంటే చేత్తో ముట్టుకోకండి, కోయకండి, అమ్మకండి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలిన సంగతి గుర్తుందిగా. పశు వైద్యుడికి గానీ, పశువైద్య సహాయ నంబరు 1962కి గానీ ఫోన్ చేయండి. కళేబరాలను కాలవలో పడేయడం మాత్రం పక్క ఊరికి జబ్బు పంపడమే. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

ఇక పిల్లల సంగతి

నా లెక్కలో పిల్లలు జబ్బుతో చచ్చేదాని కంటే చలికీ తడికీ చచ్చేదే ఎక్కువ. తల్లి కింద పెరిగే పిల్లలకు ఈ బాధ తక్కువ, తల్లి రెక్కలే వాటి హీటరు. కొని తెచ్చిన వనరాజా, గ్రామప్రియ రకాల కోడిపిల్లలతోనే తిప్పలు. మొదటి వారం వాటి దగ్గర 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు లేకపోయినా పర్వాలేదు, పిల్లలే చెబుతాయి. బల్బు కింద కుప్పపడి కీచుమంటుంటే చలి. గోడలకు అంటుకుని నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువ. అన్నీ ఒక మూలకే చేరితే రెండో వైపు నుంచి గాలి కొడుతోంది. అక్కడక్కడా చెల్లాచెదురుగా పడుకుంటే మీ పని బాగుంది.

ఈ మధ్య ఒకాయన "బల్బు వేసినా పిల్లలు చచ్చిపోతున్నాయండీ" అన్నాడు. వెళ్లి చూస్తే ఎల్‌ఈడీ బల్బు. వెలుగే గానీ వేడేదీ? వేడికి పాత పసుపు బల్బే కావాలి, పిల్లకు రెండు వాట్ల లెక్కన. ఇరవై ఐదు పిల్లలకు 60 వాట్లది ఒకటి సరిపోతుంది. కరెంటు పోతే సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి మధ్యలో పెట్టండి. పొట్టుకు, గోనెకు బల్బు తగలకుండా తీగతో గట్టిగా కట్టాలి, గూళ్లు తగలబడేది అక్కడే.

*కాళ్లు చెరో పక్కకు జారిపోతున్నాయి.* కింద నున్నటి పేపరు వేశారు. పేపరు తీసి గోనె గుడ్డ పరవండి. రెండు కాళ్లూ మామూలుగా నిలబడేంత ఎడంలో ఉంచి, మెత్తటి ఉన్ని దారం ఎనిమిది అంకెలా తిప్పి వదులుగా కట్టండి. పుట్టిన రెండు మూడు రోజుల్లో కడితే నాలుగైదు రోజులకు సర్దుకుంటుంది. వారం దాటితే కష్టం. వేళ్లు లోపలికి ముడుచుకుపోవడం వేరే సంగతి, అది బి2 విటమిన్ లోపం. ఒట్టి నూకలతో పెంచే ఇళ్లలో కనిపిస్తుంది, విటమిన్ చుక్కలతో, స్టార్టర్ దాణాతో తేరుకుంటుంది.

*వెనక భాగం రెట్టతో మూసుకుపోయింది.* పిల్లను అరచేతిలో వెల్లకిలా పెట్టుకుని గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదిని దాని మీద అరనిమిషం ఆనించండి. నానిన తర్వాత దానంతట అదే ఊడొస్తుంది. ఎండినది లాగితే చర్మం చినుగుతుంది. తుడిచి కొబ్బరినూనె చుక్క రాసి, తడి ఆరాకే మిగతా వాటిలో కలపండి. చలి తగిలినా ఇలా అవుతుంది. చాలా పిల్లలకు తెల్లగా పారుతూ వరసగా పోతుంటే తల్లి నుంచి గుడ్డు ద్వారా వచ్చిన సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కావచ్చు, పిల్లలు తెచ్చిన చోటు మార్చాలి.

*మూడు నుంచి ఆరు వారాల పిల్లలకు రెట్టలో రక్తం.* రక్తపారుడు, కాక్సీడియోసిస్. నీళ్ల గిన్నె చుట్టూ తడిసిన పొట్టులో పుడుతుంది. ఆంప్రోలియం పొడి ప్యాకెట్ మీద రాసిన కొలతలో నీళ్లలో కలిపి, చెప్పినన్ని రోజులూ ఇవ్వండి. ఆ రోజుల్లో బి విటమిన్ చుక్కలు ఆపండి, అవి ఈ మందును పని చేయనివ్వవు. పొట్టు మార్చకుండా మందు మాత్రమే ఇస్తే పది రోజులకు మళ్లీ అదే రక్తం.

*గుడ్డు చిట్లింది, పిల్ల రావడం లేదు.* చిట్లిన తర్వాత బయటికి రావడానికి ఒక్కోసారి ఒక రోజంతా పడుతుంది. ఆ లోపు పెంకు ఒలిస్తే పొరలోని రక్తనాళాలు తెగి పిల్ల పోతుంది. వచ్చిన పిల్లకు మొదటి రోజు మేత లేకపోయినా ఫరవాలేదు, కడుపులో పచ్చసొన ఉంటుంది. ముందు నీళ్లు చూపించండి, ముక్కు ఒకసారి తడిపితే నేర్చుకుంటుంది. గిన్నె లోతుగా ఉంటే గులకరాళ్లు వేయండి, లేకపోతే పిల్లలు మునిగి చస్తాయి.

టీకాలు

ఏడో రోజున లసోటా (కొక్కెర తెగులు టీకా) కంట్లో చుక్క, పద్నాలుగో రోజున గంబోరో అనే వైరస్ జబ్బుకు టీకా, ఇరవై ఎనిమిదో రోజున మళ్లీ లసోటా. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య అమ్మోరు టీకా, ఎనిమిది వారాలు దాటాక కొక్కెర తెగులుకే ఇంకా ఘాటైన టీకా ఆర్2బి, రెక్క కింద. ఆర్2బికి వారం ముందు పాముల మందు తాగించండి. ఆరు వారాల లోపు పిల్లకు దాన్ని వేయొద్దు, టీకాయే జబ్బు అవుతుంది.

పది కోళ్లున్నవాడికి వంద డోసుల సీసా కొనడం దండగ అనిపిస్తుంది. అందుకే మా వీధిలో నాలుగిళ్లవాళ్లం ఒకే రోజు వేయిస్తాం. సీసా ఐసు పెట్టిన ఫ్లాస్కులోనే తెచ్చుకోవాలి. కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, ఎండ ఎక్కకముందే. పిల్లను పట్టుకుని కంట్లో ఒక్క చుక్క వేసి, అది రెప్ప వేసి చుక్కను లోపలికి తీసుకునేదాకా కింద దించకండి. తొందరపడితే చుక్క బుగ్గ మీదుగా జారి మన వేళ్ల మీదికొస్తుంది, పిల్లకు టీకా పడదు. మిగిలిన మందును రేపటికి దాచొద్దు, సీసాను నీళ్లలో ఉడకబెట్టి గొయ్యి తీసి పూడ్చేయండి.