కుట్టు గదిలో కార్పెట్ మీద వీల్స్ కుర్చీ సాఫీగా తిరగాలంటే

కార్పెట్ మీద కుర్చీ కదలట్లేదని చాలామంది ముందు కుర్చీనే మార్చేస్తారండి. ఆ డబ్బులు తర్వాత పెట్టొచ్చు, ముందు దాన్ని బోర్లించి వీల్స్ చూడండి. మిషన్ ఉన్న గదిలో సగం గొడవ అక్కడే ఉంటుంది. పాలిస్టర్ దారం, ఓవర్‌లాక్ (గుడ్డ అంచులు కుట్టే మిషన్) కత్తిరించి పడేసిన పీచు, కార్పెట్ నూలు, తలవెంట్రుకలు అన్నీ కలిసి చక్రానికీ దాని కవర్‌కీ మధ్య ఇరుసు చుట్టూ బిగుసుకుపోతాయి, ఇక చక్రం తిరగదు, కుర్చీని ఈడ్చాల్సిందే, కార్పెట్ మీద చారలు పడేది కూడా ఆ ఈడ్పుకే. కుట్లు విప్పే రిప్పర్‌తో ఇరుసు మీద ఆ దారాల చుట్టకి అడ్డంగా కోత పెట్టి, తెగిన కొసని ట్వీజర్‌తో లాగండి, చాలావరకు పొరలు పొరలుగా ఊడొస్తుంది. తర్వాత మిషన్ ఆయిల్ మాత్రం వెయ్యకండి. జిడ్డుకి పీచు మళ్లీ అంటుకుంటుంది, పైగా ఆ నూనె కార్పెట్‌కి అంటి, అక్కణ్ణుంచి కింద జారిన పట్టు జాకెట్ ముక్కకి పాకిందంటే కస్టమర్‌కి ఏం చెబుతాం?

శుభ్రం చేసినా బరువుగానే ఉందంటే వీల్స్ రకం చూడాలి. కార్పెట్‌కి గట్టి నైలాన్ చక్రాలు, టైల్స్‌కీ మార్బుల్‌కీ మెత్తటి పూత ఉన్నవి, ఇదే లెక్క. మన వైపు ఇళ్లన్నీ టైల్స్, మార్బుల్ కాబట్టి షాపులో అడక్కపోతే మెత్తటివే చేతిలో పెట్టొచ్చు. గోరుతో నొక్కితే తెలిసిపోతుంది. మామూలుగా వచ్చేవి 50 మి.మీ. చక్రాలు. కార్పెట్ దళసరిగా ఉంటే 75 మి.మీ.వి వేయించుకోండి, పెద్ద చక్రం అంతగా కూరుకుపోదు. అయితే కుర్చీ దాదాపు ఒక అంగుళం పైకి లేస్తుంది, సీటు ఆ మేరకు దించుకోవాలి. చాలా కుర్చీలకి వీల్ కాడ (కుర్చీ కాలులోకి దూరే కడ్డీ) 11 మి.మీ. మందం ఉంటుంది కానీ అన్నిటికీ కాదు, అందుకని పాతది ఒకటి లాగి షాపుకి పట్టుకెళ్లండి. నిటారుగా లాగితే వచ్చేస్తుంది, కొత్తది లోపలికి నొక్కితే టక్కున కూర్చుంటుంది.

కోనసీమలో చాలా ఇళ్లలో గల్ఫ్ నుంచి తెచ్చిన మెత్తటి కార్పెట్లు ఉంటాయి కదా, కింద ఫోమ్ కూడా వేస్తే ఏ వీల్ అయినా దిగబడుతుంది. అలాంటి చోట పైన గట్టి పలక వెయ్యక తప్పదు. కొనేటట్టయితే పాలికార్బొనేట్ చైర్ మ్యాట్, అడుగున చిన్న చిన్న ముళ్లున్నది, అది కార్పెట్‌ని పట్టుకుని జరక్కుండా ఉంటుంది. పీవీసీది చవకే, కానీ మెత్తటి కార్పెట్ మీద గుంటలు పడి వీల్స్ వాటిలోనే ఆగిపోతాయి. నన్నడిగితే వడ్రంగి చేత 12 మి.మీ. ప్లైవుడ్ కోయించుకోవడమే మేలు. 710 మార్కున్న వాటర్‌ప్రూఫ్ ప్లై అడగండి, ఎండీఎఫ్ (చెక్క పొట్టు అదిమి చేసిన బోర్డు) ఈ చెమ్మకి ఉబ్బిపోతుంది. సన్‌మైకా ఒకవైపే అంటిస్తే పలక వంగుతుంది, రెండు వైపులా వేయించండి. అంచులకి వాలుగా బీడింగ్ (సన్నటి చెక్క పట్టీ) కొట్టించకపోతే కాలికి తగులుతుంది, వీల్ జారితే కుర్చీ ఒరుగుతుంది కూడా.

గదంతా అక్కర్లేదు. సంక్రాంతి ముందు జాకెట్ల రద్దీలో మీరు మిషన్ నుంచి ఓవర్‌లాక్‌కి, అక్కణ్ణుంచి ఇస్త్రీ బల్లకి ఎటెటు తిరుగుతారో చూసుకుని ఆ మేరకే పరవండి. కరెంటు మిషన్ పెడల్‌ని మాత్రం పలక మీద పెట్టొద్దు, జారుతుంది. పలక అంచు పెడల్‌కి ఇవతలే ఆగాలి, పెడల్ కింద రబ్బరు మ్యాట్ ముక్క వెయ్యాలి.

పలక పడ్డాక కొత్త టెన్షన్ ఒకటి మొదలవుతుంది, పెడల్ నొక్కినప్పుడల్లా కుర్చీ వెనక్కి పోతుంది. పెడల్ దూరంగా ఉండి కాలు చాచి నొక్కుతున్నప్పుడే అలా జరుగుతుంది. దగ్గరికి లాక్కోండి, మడమ కింద ఆనాలి, పాదం ముందు భాగంతోనే నొక్కాలి. అప్పటికీ ఆగకపోతే ఐదు వీల్స్‌లో రెండు బ్రేక్ ఉన్నవి వేయించండి. కాలితో తొక్కే మిషన్‌కైతే అసలు వీల్స్ కుర్చీయే వద్దు, స్టూలే మంచిది.

వానాకాలంలో పలకని వారానికోసారి ఎత్తి గోడకి ఆనించి, ఫ్యాన్ వేసి కింద కార్పెట్ ఆరనివ్వండి, లేదంటే బూజు వాసన గుడ్డలకి పట్టేస్తుంది. ఎత్తినప్పుడే ఒక అయస్కాంతం తిప్పండి, కార్పెట్ నూలులో దాక్కున్న గుండుసూదులు వచ్చేస్తాయి. పిల్లలు వట్టి కాళ్లతో తిరిగే ఇల్లయితే అయస్కాంతం రోజూ తిప్పాలి.