పౌడర్ కోటింగ్ మరమ్మతు, 3వ పాఠం: ఎక్కడిదాకా గీకాలి?

కిందటి పాఠంలో దూదికి ఎసిటోన్ అద్ది రుద్ది చూశాం. రంగు దూదికి అంటుకుని వస్తే మామూలు పెయింటు. మెరుపు కాస్త తగ్గినా పొర కదలకపోతే అది పౌడర్ కోటింగ్ కావచ్చు, లేదా హార్డెనర్ (పెయింటును గట్టిపరిచే ద్రవం) కలిపిన పెయింటు కావచ్చు. రెండింటికీ ఈ పాఠంలోని పని ఒకటే.

ముందుగా ఒక ఆశ వదులుకోవాలి. పౌడర్ కోటింగ్‌లో రంగు పొడిని విద్యుదావేశంతో లోహానికి పట్టించి, సుమారు 180–200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగించి గట్టిపరుస్తారు. ఒకసారి బిగుసుకున్న పొర మళ్లీ కరగదు. కాబట్టి పెచ్చు ఊడినచోట ఇంత పొడి చల్లి హీట్‌గన్ పెట్టినంత మాత్రాన అది పాతదానితో కలిసిపోదు. మనం వేసేది ద్రవ పెయింటుతో అతుకే. ఆ అతుకు నిలిచేదీ ఊడేదీ అంచు దగ్గరే.

నా మొదటి పని ఒక బండి స్టాండు బ్రాకెట్. చిటికెనవేలి గోరంత పెచ్చు లేచింది. తుప్పు తుడిచి, ఆ గోరంత మేరకే రంగు వేసి మురిసిపోయాను. మూడు నెలలు తిరక్కుండానే చుట్టూ పొక్కులు. బ్లేడుతో లేపి చూస్తే అడుగున అరచేయంత తుప్పు! పైపొర గట్టిది కనుక చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, తేమ మాత్రం దాని కిందనుంచి పాకుతూ పోతుంది. అల్యూమినియం చక్రాలమీదైతే ఇదే పాకుడు సన్నని పురుగు జాడల్లా గీతలుగా తేలుతుంది.

అందుకని గాయాన్ని పెద్దది చేయడానికి జంకకండి. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక జిడ్డు తీసే ద్రావకంతో తుడవండి. ఇది అరగదీయడానికి ముందే జరగాలి, లేకపోతే జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. తర్వాత బ్లేడును దాదాపు పడుకోబెట్టి, లోహం వైపునుంచి పొర కిందికి నెట్టండి. పెచ్చులుగా సులువుగా లేస్తున్నంతసేపూ ముందుకు పోండి. బ్లేడు మొరాయించిన చోట ఆగండి. ఇప్పుడు గట్టి టేపు అంచుమీద అదిమి ఒక్క గుంజు గుంజండి. టేపుకు రేకులు అంటితే మళ్లీ బ్లేడు పట్టాల్సిందే.

తుప్పుకు 80 నంబరు ఎమరీ పేపరు, లోహం తళుక్కుమనే దాకా. ఆ తర్వాత 180, చివర 320తో అంచును వాలుగా దించాలి. పొర మందం చాలావరకు 60 నుంచి 120 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. ఆ మెట్టును ఒక్క కోటు రంగు పూడ్చలేదు. వాలు కనీసం ఒక సెంటీమీటరు వెడల్పు ఉండనివ్వండి. కళ్లు మూసుకుని గోరు అడ్డంగా జరపండి. ఎక్కడా తట్టుకోకూడదు. అంచు దగ్గర గ్రైండర్ వద్దు: వేడికి పొర కరగకపోయినా మెత్తబడి జిగురులా పులుముకుంటుంది. ఇనుముమీద వాడిన ఎమరీని అల్యూమినియంకు వాడొద్దు, ఇనుప రజను అందులో ఇరుక్కుని కొత్త తుప్పు మచ్చలు తెస్తుంది.

గుంతల్లో నల్లచుక్కలు మిగిలితే వాటికి మాత్రమే ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పును మార్చే ద్రవం) పెట్టండి. మిగులును సీసామీద రాసిన పద్ధతిలో పూర్తిగా తీసేయాలి, ఆమ్లం జాడమీద ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు ముందు లోహంమీద వేసే అడుగు పూత) పట్టదు. స్ప్రింగు మీద గుంతలు లోతుగా ఉంటే మాత్రం ఈ శ్రమే వద్దు. అలాంటి గుంత దగ్గరే అది విరుగుతుంది కనుక స్ప్రింగునే మార్చండి.

చక్రం నట్లు కూర్చునే చోటు, ఎర్త్ తీగ తగిలే చోటు, బేరింగు దిగే చోటు టేపుతో మూసేయండి. నట్టు కింద రంగు నలిగితే బిగువు సడలుతుంది.

రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్‌ను డబ్బామీద చెప్పిన పాళ్లలో కలిపి, అరగదీసిన రోజే రెండు పల్చని కోట్లు వేయండి. గాలి ఆడేచోట, చేతికి గ్లోవ్స్, ముఖానికి ఆవిరిని ఆపే మాస్కు. గుడ్డ చుట్టుకుంటే చాలదు. ప్రైమర్ వాలును దాటి, 320తో గరుకు చేసిన పాత పొరమీదికి కాస్త ఎక్కాలి.

రంగు కలపడం వచ్చే పాఠంలో. ఈలోగా ఆ భాగం RAL నంబరు (రంగులను గుర్తించే ప్రామాణిక సంఖ్య) దొరుకుతుందేమో వెతికి ఉంచుకోండి.