రొమ్ము ఆపరేషన్ రిపోర్టు చదవడం: 3వ పాఠం – సిరా అంటని అంచు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఆపరేషన్ రిపోర్టు మూడు భాషల మధ్య నలుగుతుంది: డాక్టరు ఒడియాలో చెబుతారు, కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో అడిగేవారికి తెలుగులో చెప్పాలి. గడ్డ కొలత, గ్రేడు (కణాలు ఎంత దూకుడుగా కనిపిస్తున్నాయో చెప్పే అంకె) చదవడం కిందటి పాఠాల్లో చూశాం. ఈసారి 'మార్జిన్' (కోసిన అంచు) అనే ఒక్క మాట దగ్గర ఆగుదాం. రొమ్మును నిలిపి గడ్డను మాత్రమే తీసిన తరువాత అదే రొమ్ములో క్యాన్సర్ మళ్లీ ఎందుకు రావచ్చునో అర్థం కావాలంటే ముందు ఆ మాట తెలియాలి.

సర్జన్ గడ్డను దాని చుట్టూ ఉన్న కొంత మంచి భాగంతో సహా తీసి, ఏది ఏ వైపో తెలిసేలా ఆ ముక్కకు దారాలు వేస్తారు. చాలాచోట్ల పొట్టి దారం పైవైపుకు, పొడుగు దారం చంక వైపుకు గుర్తు. పాథాలజిస్టు ఆ ముక్క వెలుపలి తలమంతటికీ సిరా పూసి, ఆరాక ముక్కలుగా కోసి, వాటి నుంచి తీసిన పలుచని పొరలను సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. సిరా గీత ఎక్కడుందో కత్తి అక్కడ నడిచిందన్నమాట. ఆ గీతను క్యాన్సర్ కణాలు తాకితే మార్జిన్ పాజిటివ్, తాకకపోతే నెగెటివ్. చుట్టూ పాకే (ఇన్వేసివ్) క్యాన్సర్‌కు, ఆపరేషన్ తరువాత రొమ్మంతటికీ రేడియేషన్ ఇస్తున్నప్పుడు, సిరా అంటకపోతే చాలునని 2014లో అమెరికా వైద్య సంఘాలు నిర్ణయించాయి. పాలనాళాలు దాటని తొలిదశ క్యాన్సర్ అయిన డీసీఐఎస్‌కు 2016లో 2 మిల్లీమీటర్ల ఎడం చెప్పాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నెగెటివ్ అంటే రొమ్ములో ఇక ఏమీ మిగల్లేదని కాదు, కోసిన అంచు మీద కణాలు కనబడలేదని మాత్రమే. చేలో తుంగను పీకినవారికి ఈ సంగతి తెలుసు: మొక్క చేతికొస్తుంది, సన్నని తీగతో దానికి అంటుకున్న గడ్డ జానెడు దూరంలో మట్టిలోనే ఉండిపోతుంది. 1985లో హాలండ్‌లో, పూర్తిగా తీసిన రొమ్ములను పొరలు పొరలుగా పరిశీలించినప్పుడు, 4 సెంటీమీటర్లకు మించని గడ్డలున్న రొమ్ముల్లో పదింట సుమారు నాలుగింటిలో గడ్డకు 2 సెంటీమీటర్లకు అవతల కూడా క్యాన్సర్ కణాలు కనిపించాయి.

మనవాళ్లు 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్ ఆ మిగిలిన కణాల కోసమే (పేరు కరెంటే గానీ అది విద్యుత్తు కాదు, కిరణాలు). అమెరికాలో జరిగిన బీ-06 పరిశోధన 20 ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి. గడ్డ మాత్రమే తీసినవారిలో 39.2 శాతం మందికి అదే రొమ్ములో తిరిగి వచ్చింది. రేడియేషన్ కూడా తీసుకున్నవారిలో అది 14.3 శాతమే. రొమ్మంతా తీయించుకున్నవారితో పోల్చినా బతికిన కాలంలో తేడా కనబడలేదు.

కాబట్టి మన వైపు నాకు అన్నిటికన్నా భయం కలిగించేది మధ్యలో మానేసిన రేడియేషన్. రాయగడ నుంచి రైలెక్కి విశాఖలో వారాల తరబడి గది అద్దెకు తీసుకుని ఉండటం తేలిక కాదు. ఒకప్పటి ఐదు వారాల వరుస ఇప్పుడు చాలామందికి 15 విడతల్లో, మూడు వారాల్లో ముగుస్తుంది. కొందరికి 5 విడతలే చాలు. మానే ముందు, తక్కువ విడతలు కుదురుతాయా అని డాక్టరును తప్పక అడగండి.

చిన్న వయసు, ఎక్కువ గ్రేడు, ట్రిపుల్ నెగెటివ్ రకం (రెండు హార్మోన్ల గ్రాహకాలూ లేనిది, హెర్-2 ప్రోటీన్ ఎక్కువగా లేనిది), రిపోర్టులో 'ఎల్‌వీఐ ప్రెజెంట్' (గడ్డ చుట్టూ ఉన్న రక్తనాళాల్లో లేదా లింఫు నాళాల్లో క్యాన్సర్ కణాలు కనిపించాయని అర్థం) అని ఉండటం అదే రొమ్ములో క్యాన్సర్ మళ్లీ వచ్చే ముప్పును పెంచుతాయి. మరో తేడా కూడా గమనించండి: మొదటి కొన్నేళ్లలో పాత కోత దగ్గరే వచ్చేది సాధారణంగా మిగిలిన కణాల నుంచి పుట్టినది, చాలా ఏళ్ల తరువాత అదే రొమ్ములో వేరే మూల వచ్చేది తరచు కొత్త క్యాన్సర్. అందుకే ఏటా మామోగ్రాం తీయిస్తారు.

అభ్యాసం: ఒక రిపోర్టులో 'ఇన్వేసివ్ కార్సినోమా, ఆల్ మార్జిన్స్ నెగెటివ్, క్లోజెస్ట్ డీప్ మార్జిన్ 1 మి.మీ.' (అన్నిటికన్నా దగ్గరి అంచు లోపలి, ఛాతీ వైపుది; ఎడం 1 మి.మీ.) అని ఉంది. ఆమెకు మళ్లీ ఆపరేషన్ తప్పదని పక్కింటివారు అంటున్నారు. వారికి మీరేం చెబుతారో రెండు వాక్యాల్లో రాయండి. 4వ పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.