విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ సీక్రెట్ ఫైల్ పాత్‌ను సరిగ్గా సెట్ చేయడం ఎలా?

విండోస్‌లో రాసిన చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌ను మా టీమ్ ఒకసారి లినక్స్ మెషిన్‌కి మార్చింది. ఏపీఐ టోకెన్, అంటే ఒక ఆన్‌లైన్ సేవను వాడుకోవడానికి పాస్‌వర్డ్‌లా పనిచేసే రహస్య కోడ్, దాచే ఫైల్ పాత్‌ను (ఫైల్ ఎక్కడుందో చెప్పే చిరునామాను) కాన్ఫిగ్, బ్యాక్‌స్లాష్, టోకెన్ అని కోడ్‌లో నేరుగా రాసేశాం. లినక్స్‌లో ఎర్రర్ ఏమీ రాలేదు, అదే అసలు సమస్య. లినక్స్‌కు బ్యాక్‌స్లాష్ అంటే ఫోల్డర్లను విడదీసే గుర్తు కాదు, ఫైల్ పేరులో ఉండదగిన మామూలు అక్షరం. దాంతో టోకెన్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లోకి వెళ్లలేదు. బ్యాక్‌స్లాష్‌తో సహా ఆ మొత్తం పేరుతో బయట ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే ఒక ఫైల్ తయారైంది. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ వేటిని వదిలేయాలో చెప్పే జాబితా గిట్‌ఇగ్నోర్. అందులో కాన్ఫిగ్ ఫోల్డర్ ఉంది, ఈ ఫైల్ లేదు. తర్వాతి కమిట్‌తో (మార్పులను గిట్‌లో సేవ్ చేయడంతో) టోకెన్ కూడా రిపోలోకి, అంటే ప్రాజెక్ట్ కోడ్ ఉండే గిట్ నిల్వలోకి, ఎక్కేసింది. పాత్ తప్పితే ప్రోగ్రామ్ ఆగిపోతుందని అనుకుంటాం. ఒక్కోసారి ఆగదు, రహస్యాన్ని తీసుకెళ్లి బయట పెడుతుంది.

ముందుగా, ఫైల్ అవసరమా అని చూసుకోండి

మనుషులు వాడే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ అయితే చాలాసార్లు అవసరం లేదు. విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, మ్యాక్‌లో కీచైన్, లినక్స్ డెస్క్‌టాప్‌లో సీక్రెట్ సర్వీస్ రహస్యాలు దాచడం కోసమే ఉన్నాయి. పైథాన్‌లో కీరింగ్ అనే లైబ్రరీ మూడింటితోనూ మాట్లాడుతుంది. స్క్రీన్ లేని సర్వర్లలో ఇది తరచుగా కుదరదు. కింది పద్ధతి అలాంటి చోట్ల కోసం.

చోటును సిస్టమ్‌నే అడగండి

సీక్రెట్ ఫైల్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఉండకూడదు, యూజర్ సొంత ఫోల్డర్‌లో ఉండాలి. ఆ చోటు మూడు సిస్టమ్స్‌లో మూడు రకాలు. లినక్స్‌లో హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్, మ్యాక్‌లో లైబ్రరీ లోపలి అప్లికేషన్ సపోర్ట్, విండోస్‌లో యాప్‌డేటా. యాప్‌డేటాలో మళ్లీ రోమింగ్, లోకల్ అని రెండున్నాయి. ఆఫీసు నెట్‌వర్క్‌లలో రోమింగ్ ఫోల్డర్ సర్వర్‌కి కాపీ అయ్యే అవకాశం ఉంది కాబట్టి సీక్రెట్స్‌కు లోకల్ మంచిది. ఇవన్నీ మనం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ప్లాట్‌ఫామ్‌డిర్స్ లైబ్రరీకి మీ యాప్ పేరు ఇచ్చి యూజర్ కాన్ఫిగ్ ఫోల్డర్ అడిగితే సరైన పాత్ ఇస్తుంది. విండోస్‌లో తనంతట తానే లోకల్‌ను ఎంచుకుంటుంది.

ముక్కలను పాత్‌లిబ్‌తో కలపండి

స్లాష్‌లు పెట్టి స్ట్రింగ్స్ అతికించకండి. పైథాన్ 3.4 నుంచి పాత్‌లిబ్ భాషతోపాటే వస్తోంది. ఫోల్డర్ పేరు, ఫైల్ పేరు విడివిడిగా ఇస్తే సిస్టమ్‌కు తగ్గ గుర్తు అదే పెడుతుంది. ఫైల్ పేరు మొత్తం చిన్న అక్షరాల్లో పెట్టండి, పెద్దక్షరం తేడా ఉంటే లినక్స్‌కు అది వేరే ఫైల్. హోమ్‌ను సూచించే టిల్డే గుర్తుతో కూడా జాగ్రత్త. ఎక్స్‌పాండ్‌యూజర్ పిలవకపోతే పైథాన్ దాన్ని విప్పదు, ఆ గుర్తే పేరుగా ఒక ఫోల్డర్ పుడుతుంది. అలాంటిది కనబడితే టెర్మినల్‌లో కోట్స్ లేకుండా టిల్డే టైప్ చేసి డిలీట్ కొట్టకండి, మీ హోమ్ మొత్తం పోతుంది.

పాత్ మార్చుకునే వీలు ఇవ్వండి

ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (కోడ్ బయట, సిస్టమ్‌లో పెట్టి ప్రోగ్రామ్ చదువుకునే విలువ) పెట్టండి. అది ఉంటే అందులోని పాత్, లేకపోతే పై పాత్. అందులో పూర్తి పాత్ కాకుండా సగం పాత్ ఉంటే ఒప్పుకోవద్దు. సగం పాత్ అర్థం ప్రోగ్రామ్‌ను ఏ ఫోల్డర్ నుంచి నడిపారన్న దాన్ని బట్టి మారిపోతుంది, మా టోకెన్ బయటపడింది అలాంటి పాత్ వల్లే. వేరియబుల్‌లో పాత్ మాత్రమే ఉండాలి, టోకెన్ కాదు.

ఫైల్ పుట్టేటప్పుడే తాళం వేయండి

చాలామంది ముందు ఫైల్ రాసి, తర్వాత పర్మిషన్ మారుస్తారు. ఫైల్‌ను ఎవరు చదవొచ్చో, రాయొచ్చో లినక్స్‌లో మూడంకెలతో చెబుతారు. మామూలుగా ఫైల్ 644తో పుడుతుంది, అంటే ఫోల్డర్ తెరిచి ఉంటే ఇతర యూజర్లూ చదవగలరు. ఆ రెండు పనుల మధ్య క్షణం చాలు. అందుకే ఓఎస్ మాడ్యూల్‌లోని ఓపెన్‌ను వాడి, 600 పర్మిషన్‌తోనే, అంటే యజమాని మాత్రమే చదివి రాయగలిగేలా, ఫైల్ తయారుచేయండి. అప్పటికే ఉన్న ఫైల్‌కు ఈ 600 వర్తించదు, దాన్ని విడిగా మార్చాలి. ఫోల్డర్‌కు 700, అంటే యజమాని మాత్రమే తెరవగలిగేలా. విండోస్‌లో ఫైళ్లకు ఈ అంకెలు పనిచేయవు, పర్మిషన్లు మార్చే సీహెచ్‌మాడ్ అక్కడ మార్చగలిగేది రీడ్ ఓన్లీ గుర్తును మాత్రమే. యూజర్ ప్రొఫైల్ ఫోల్డర్‌కు ముందే ఉన్న రక్షణ లోపలి ఫైళ్లకూ వస్తుంది. పైన లోకల్ యాప్‌డేటాలో పెట్టమన్నది ఇందుకు కూడా.

చివరగా, వేరే ఫోల్డర్‌లో నిలబడి నడపండి

ప్రోగ్రామ్‌ను ప్రాజెక్ట్ ఫోల్డర్ నుంచి ఒకసారి, ఇంకెక్కడి నుంచైనా ఇంకోసారి నడిపి, గిట్ స్టేటస్ చూడండి. కొత్త ఫైల్ ఏదీ కనబడకూడదు. కనబడి, అప్పటికే పుష్ అయిపోయి (ఆన్‌లైన్ రిపోకి వెళ్లిపోయి) ఉంటే, ఫైల్ తీసేసి ఊరుకోవద్దు, పాత కమిట్‌లలో అది అలాగే ఉంటుంది. ముందు ఆ టోకెన్‌ను రద్దు చేసి కొత్తది తీసుకోండి, మిగతా శుభ్రం తర్వాత చేసుకోవచ్చు.