దండ వేయకుండా గుడినఫ్‌ను తలుచుకోవడం ఎలా

ఫొటోకి దండ వేసి, వచ్చిన పెద్దలందరి చేతా తలో పది నిమిషాలు మాట్లాడించే సభ పెట్టాలనుకుంటే ఇది మీకు పనికిరాదు. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మేం మొదటిసారి అలాగే చేశాం. రెండో ఉపన్యాసానికే పిల్లలంతా వెనక్కి చేరి ఫోన్లు చూసుకుంటున్నారు. తమాషా ఏమిటంటే ఆ ఫోన్లు నడుస్తున్నదే మేం దండ వేసిన ఆయన వల్ల, ఆ ముక్క మాలో ఒక్కరూ చెప్పలేదు.

ఆయన జాన్ గుడినఫ్, ఫోన్లలో ఉండే లిథియం బ్యాటరీ తయారవడానికి కారకులైన శాస్త్రవేత్తల్లో ఒకరు. 1922 జూలై 25న పుట్టి, వందేళ్ళు నిండాక 2023 జూన్‌లో పోయారు. కాబట్టి తేదీ జూలై 25 పెట్టుకోండి. బోర్డు తెలుగులో, ఒడియాలో రెండిట్లోనూ రాయండి, ఎందుకంటే మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు.

వారం ముందే పిల్లల్ని ఇంటింటికీ పంపి లిథియం బ్యాటరీ ఉన్న వస్తువులు లెక్క రాయించండి. ఫోను, ఇయర్‌బడ్స్, చార్జింగ్ లైటు, మందుకొట్టే స్ప్రేయరు. స్ప్రేయర్లు, దోమల బ్యాట్లు కొన్నిట్లో పాత రకం లెడ్ బ్యాటరీలుంటాయి, అందుకని మీద ఏం రాసుందో చూసి మరీ రాయమనండి. ఈ వెతుకులాటలోనే సగం పాఠం అయిపోతుంది.

ఆ రోజు మొదట మాట్లాడాల్సింది ఇంట్లో ఆడవాళ్ళు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన గజపతి జిల్లాని ఊడ్చేసినప్పుడు, కరెంటు లేక ఫోన్లు చచ్చిపోతే ఏం చేశారో చెప్పమనండి. మా పిన్ని జనరేటరున్న కొట్టు ముందు లైన్లో నుంచుని, డబ్బులిచ్చి చార్జింగ్ పెట్టించుకుని, విశాఖలో ఉన్న కొడుక్కి "బాగానే ఉన్నాంరా" అని ఒక్క మాట చెప్పి వెంటనే స్విచ్చాఫ్ చేసేసిందట, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందోనని. ఆవిడ చెబుతున్నంతసేపూ ఎవ్వరూ ఫోను ముట్టుకోలేదు.

తర్వాత ముఖ్య అతిథి. నాయకుల్ని పిలవకండి, సెల్‌ఫోన్ రిపేరు కుర్రాణ్ణి మల్టీమీటరుతో సహా పిలవండి. టార్చిలైటు సెల్లు కొలిస్తే 1.5 వోల్టులు చూపిస్తుంది, రెండు కలిపితే 3. ఫోన్ బ్యాటరీ ఒక్కటే దాదాపు 4 చూపిస్తుంది. ఎలా అని పిల్లలు అడుగుతారు, అప్పుడు చెప్పండి: పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య ఆటోలు తిరిగినట్టు లోపల లిథియం అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు, అటూ ఇటూ తిరుగుతాయి, చార్జింగ్ పెడితే గ్రాఫైట్ వైపు, వాడుతుంటే కోబాల్ట్ ఆక్సైడ్ వైపు. స్టాన్లీ విటింగ్‌హామ్ అనే శాస్త్రవేత్త అంతకుముందే దారి వేసినా ఆయన బ్యాటరీలో వోల్టేజీ తక్కువ. దాన్ని దాదాపు 4కి పెంచిన ఈ కోబాల్ట్ ఆక్సైడ్ స్టాండు కట్టింది గుడినఫ్ బృందం, 1980లో, ఆక్స్‌ఫర్డ్‌లో. అవతలి కార్బన్ స్టాండు 1985లో జపాన్ శాస్త్రవేత్త అకిరా యోషినోది. 1991లో సోనీ అమ్మకానికి పెట్టింది. ముగ్గురికీ కలిపి 2019లో నోబెల్ వచ్చింది, అప్పటికి గుడినఫ్‌కి 97 ఏళ్ళు.

జీవిత చరిత్ర అంతకుమించి చదవొద్దు. రెండు సంగతులు మాత్రం వదలకండి. చిన్నప్పుడు ఆయనకి చదవడమే కష్టంగా ఉండేది, డిస్లెక్సియా. కోబాల్ట్ పని చేసేనాటికి వయసు 57, 58, మనవాళ్ళు పెన్షన్ కాగితాలు సర్దుకునే వయసు. ఇంకోటి నా సరదా కొద్దీ చెబుతున్నా: కోబాల్ట్ కంటే చవకైన, నిప్పు భయం తక్కువైన ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ గురించి 1997లో వచ్చిన గుడినఫ్ బృందం పేపరు మీద మొదటి పేరు పాఢీ. ఆ ఇంటిపేరు మన ఒడియా వీధుల్లో వినపడేదే కదా, పిల్లల మొహాలు చూడండి అప్పుడు.

ఒక్క జాగ్రత్త. బ్యాటరీ విప్పి చూపిద్దామని ఎవరైనా ఉత్సాహపడితే ఆపండి. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని నేనొకసారి స్క్రూడ్రైవరుతో పైకి లేపబోయి కన్నం చేశాను, బుస్సుమని పొగ, మంట, బల్ల మీద గుడ్డ కాలిపోయింది. లోపల ఏముందో బోర్డు మీద బొమ్మ గీస్తే చాలు. పాడైన బ్యాటరీలు తెమ్మంటే తెస్తారు, వాటి కొసలకి టేపు అంటించి, పొడి ఇసక డబ్బాలో పెట్టి, పాత బ్యాటరీలు తీసుకునే చోట అప్పజెప్పండి. మహేంద్రతనయ నది గట్టున చెత్తలో మాత్రం పోయించకండి, చెత్తకి నిప్పు పెట్టే అలవాటు మనకుంది.