చలి ముదరకముందే: ప్రొపేన్ ధర, ఇంటి వెచ్చదనం ఖర్చు, అమెరికాలోని తెలుగు కుటుంబాలు తీసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికాలో చల్లటి రాష్ట్రాల్లో, ఇళ్లను వెచ్చబెట్టడానికి వాడే ప్రొపేన్ గ్యాసు ధర అడగడానికి మంచి కాలం ఆగస్టు, సెప్టెంబరు. ట్యాంకు నిండుగా ఉన్నవాడు అడిగితే డీలరు చెప్పే ధర ఒకటి, జనవరి మంచులో ట్యాంకు అడుగంటినవాడు అడిగితే చెప్పే ధర మరొకటి. అపార్ట్‌మెంట్‌లో ఉన్నంతకాలం ఈ సంగతి మనకు పట్టదు. పిల్లల బడి బాగుంటుందనో, కాస్త పెరడు వస్తుందనో ఊరి చివర ఇల్లు కొన్నాక తెలుస్తుంది: ఆ వీధికి సహజవాయువు పైపు రాలేదు, పెరట్లో ఒక తెల్లటి ట్యాంకు ఉంది, దాన్ని నింపించుకునే బాధ్యత మనదే. మసాచుసెట్స్, కనెక్టికట్, న్యూ హాంప్‌షైర్, పెన్సిల్వేనియా, వర్జీనియా శివార్లలో ఇలా ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు ఉన్నారు. మొదటి చలికాలానికి సిద్ధమవుతున్న వారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మన ఊళ్లలో వంటగ్యాసుకు బేరం ఉండదు. 14.2 కిలోల సిలిండరు ధరను చమురు సంస్థలు ప్రకటిస్తాయి, మనం కట్టేస్తాం. ఆ అలవాటుతో ఇక్కడ కూడా మొదటి డీలరు చెప్పిన ధరకే ఒప్పేసుకుంటాం. కానీ అమెరికాలో ఇళ్లకు అమ్మే ప్రొపేన్ ధరను ప్రభుత్వం నిర్ణయించదు. ఏడాదికి ఎంత వాడతారు, ట్యాంకు ఎవరిది, ఒప్పందం ఏ రకం అన్నదాన్ని బట్టి పక్కపక్క ఇళ్లవాళ్లే ఒకే కంపెనీకి వేర్వేరు ధరలు కడుతుంటారు. సరుకు కూడా తక్కువేమీ కాదు. 500 గ్యాలన్ల ట్యాంకులో, వేడికి ద్రవం వ్యాకోచించడానికి చోటు వదిలి, 80 శాతమే నింపుతారు. అంటే 400 గ్యాలన్లు. బరువులో అది మన ఇంటి సిలిండర్లు సుమారు 54కు సమానం. అంత సరుకు కొనేముందు కనీసం ముగ్గురు డీలర్లను వాకబు చేయాలి.

అయితే అసలు వాకబు చేసే స్వేచ్ఛ మీకు ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. అది ట్యాంకు ఎవరి పేరున ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. ట్యాంకు కంపెనీదై, మీరు అద్దెకు వాడుకుంటున్నట్లయితే, ఆ కంపెనీ తప్ప ఇంకెవరూ అందులో గ్యాసు నింపరు. చాలా రాష్ట్రాల్లో ఇతరుల ట్యాంకు నింపడం చట్టరీత్యా నిషిద్ధం కూడా. పక్క ఊరి డీలరు గ్యాలన్‌కు 50 సెంట్లు తక్కువ చెప్పినా మీకు ఉపయోగం లేదు, ట్యాంకు మార్చితే తప్ప. నేల పైన పెట్టిన ట్యాంకును మార్చడం తేలికే. భూమిలో పాతిన ట్యాంకును తవ్వి తీయించి కొత్తది పాతించడం ఖర్చుతో కూడిన పని. అందుకే ఇల్లు కొనే ఒప్పందం మీద సంతకం చేసేముందే ఈ ప్రశ్న అడగాలి. ట్యాంకు అమ్మకందారుడిదే అయితే అది ఇంటితోపాటు మీకు వస్తున్నట్లు కాగితంలో రాయించుకోండి. ఇల్లు చేతికొచ్చే రోజున ట్యాంకులో మిగిలిన గ్యాసుకు చాలామంది విడిగా డబ్బు అడుగుతారు. గేజి మీరే చూసి ఫోటో తీసుకోండి. గేజి చూపేది ట్యాంకు మొత్తం పరిమాణంలో శాతం అని గుర్తుంచుకోండి: 500 గ్యాలన్ల ట్యాంకులో ముల్లు 40 దగ్గర ఉంటే 200 గ్యాలన్లు ఉన్నట్లు.

కొన్ని కొత్త కాలనీల్లో ఇంటికో ట్యాంకు ఉండదు. కాలనీ అంతటికీ భూమిలో పెద్ద ట్యాంకులు, ఇంటింటికీ మీటరు ఉంటాయి. అక్కడ సరఫరాదారు ఒక్కరే. మీరు చేయగలిగింది కాలనీ సంఘం ఆ కంపెనీతో చేసుకున్న ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో తెలుసుకుని, ఆ సమావేశానికి వెళ్లి గొంతు విప్పడం.

ఇక పోలిక. గ్యాలన్ ధరలను పక్కపక్కన పెట్టి ఏది చౌకో తేల్చడం కుదరదు, ఎందుకంటే మనం కొంటున్నది వేడిని. వేడిని ఇక్కడ బీటీయూలలో కొలుస్తారు. గ్యాలన్ ప్రొపేన్‌లో సుమారు 91,500 బీటీయూల వేడి ఉంటుంది. ప్రొపేన్‌కు బదులు కొన్ని ఇళ్లలో కాల్చే చమురైన హీటింగ్ ఆయిల్ గ్యాలన్‌లో సుమారు 1,38,500 ఉంటుంది, అంటే ఒకటిన్నర రెట్లు. సహజవాయువును థెర్మ్‌లలో అమ్ముతారు, థెర్మ్ అంటే లక్ష బీటీయూలు. కరెంటు యూనిట్‌కు 3,412 బీటీయూలు. ఆపైన, కొన్న వేడిలో ఎంత గదుల్లోకి వస్తుంది, ఎంత పొగగొట్టం దారిన పోతుంది అన్నది కూడా లెక్కలోకి రావాలి. ఇంధనం కాల్చి గదులకు వేడి గాలి పంపే మంచి ప్రొపేన్ ఫర్నేసు 95 శాతం ఇస్తుంది, నీటిని వేడిచేసి గదులకు పంపే ఆయిల్ బాయిలరు 85 శాతం దగ్గర ఉంటుంది.

కాబట్టి పది లక్షల బీటీయూల వేడి ఇంట్లోకి రావడానికి ఎంతవుతుందో చూడాలి. లెక్క కోసం ప్రొపేన్ గ్యాలన్ 3 డాలర్లు, ఆయిల్ గ్యాలన్ 4 డాలర్లు, సహజవాయువు థెర్మ్ డాలరున్నర, కరెంటు యూనిట్ 16 సెంట్లు అనుకుందాం. ప్రొపేన్ 11.5 గ్యాలన్లు కావాలి, 34.50 డాలర్లు. ఆయిల్ 8.5 గ్యాలన్లు చాలు, 34 డాలర్లు. గ్యాలన్ దగ్గర డాలరు తేడా కనిపించినా వేడి దగ్గరకు వచ్చేసరికి రెండూ ఒకటే. సహజవాయువు 16 డాలర్లలోపే. మామూలు కరెంటు హీటరుతో అయితే 47 డాలర్లు. మీ ఊరి ధరలతో ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి. అమెరికా ఇంధన సమాచార సంస్థ అక్టోబరు నుంచి మార్చి వరకు ప్రతి వారం రాష్ట్రాలవారీగా ప్రొపేన్, హీటింగ్ ఆయిల్ సగటు ధరలను ప్రకటిస్తుంది. డీలరు చెప్పే ధర ఆ సగటుకు ఎంత దూరంలో ఉందో చూస్తే బేరానికి ఒక ఆధారం దొరుకుతుంది.

హీట్ పంప్ ఉన్న ఇళ్లకు ఇంకో లెక్క. అది కరెంటుతో వేడిని పుట్టించదు, బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకు రెండు, మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. మీది సగటున రెండున్నర రెట్లు ఇస్తుందనుకుంటే, ప్రొపేన్ గ్యాలన్ ధరను 10తో భాగించండి. 3 డాలర్లయితే 30 సెంట్లు వస్తుంది. మీ కరెంటు యూనిట్ దానికంటే తక్కువైతే హీట్ పంప్ నడపడమే లాభం. 14 సెంట్ల కరెంటు ఉన్నచోట ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు, ప్రొపేన్‌ను గడ్డకట్టే రోజులకు దాచుకోవాలి. కరెంటు ఖరీదైన మసాచుసెట్స్ వంటి చోట రెండూ దాదాపు సరిసమానంగా రావచ్చు. చలి బాగా పెరిగేకొద్దీ హీట్ పంప్ ఇచ్చే వేడి తగ్గుతుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఫర్నేసుకు మారాలో, ఇంటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌లో పెట్టించుకోవచ్చు, ఆ పని సెప్టెంబరులోనే చేయించండి.

ధర కుదిరాక ఒప్పందం చదవాలి. అసలు ఖర్చు అందులోనే దాగి ఉంటుంది. ట్యాంకు అద్దె, డెలివరీ రుసుము, ప్రమాదకర సరుకు రుసుము, ఏడాదికి ఇన్ని గ్యాలన్లు వాడకపోతే వేసే రుసుము, సెలవు రోజున లేదా రాత్రి వస్తే అదనపు రుసుము, ఒప్పందం మధ్యలో మానేస్తే ట్యాంకు తీసుకుపోవడానికి మరో రుసుము. ఇవన్నీ కలిపి, మీరు ఏడాదికి వాడే గ్యాలన్లతో భాగిస్తే అసలు గ్యాలన్ ధర తెలుస్తుంది. మొదటి డెలివరీకి ఆకర్షణీయమైన ధర చెప్పి రెండోదానికి పెంచేవారు ఉన్నారు. రెండో ఏడాది ధర దేని ఆధారంగా నిర్ణయిస్తారో రాతపూర్వకంగా అడగండి.

ఒప్పందాల్లో ముఖ్యంగా మూడు రకాలు. వేసవిలోనే కొన్ని గ్యాలన్లకు డబ్బు కట్టి ధర ఖాయం చేసుకోవడం ఒకటి. ధర పడిపోయినా మీకు తగ్గింపు రాదు, డీలరు దివాలా తీస్తే డబ్బు ఇరుక్కుంటుంది. మెయిన్, కనెక్టికట్ వంటి రాష్ట్రాల్లో ఇలా ముందుగా డబ్బు తీసుకునేవారు తగిన పూచీ చూపాలని చట్టం ఉంది, ఆ పూచీ ఏమిటో అడిగే హక్కు మీది. గరిష్ఠ ధరకు హద్దు పెట్టేది రెండోది. కొద్దిగా రుసుము కడితే ధర ఆ హద్దు దాటదు, మార్కెట్ తగ్గితే మీకూ తగ్గుతుంది. మూడోది ఏ రోజు ధర ఆ రోజుదే. మొదటి చలికాలంలో మీ ఇల్లు ఎంత తాగుతుందో మీకే తెలియదు కాబట్టి నేనైతే హద్దు ఉన్న ఒప్పందం, డీలరే చూసుకుని నింపే ఏర్పాటు ఎంచుకోమంటాను. గ్యాలన్‌కు పది సెంట్లు ఎక్కువైనా సరే.

ఇలా ఎందుకు అంటున్నానో 2013-14 చలికాలం చెబుతుంది. ఆ శరదృతువులో మిడ్‌వెస్ట్‌లో, అంటే దేశం మధ్య ఉత్తరాన ఉన్న రాష్ట్రాల్లో, మొక్కజొన్న పంట ఆలస్యంగా, తడిగా చేతికొచ్చింది. గింజలు ఆరబెట్టడానికి రైతులు పెద్ద ఎత్తున ప్రొపేన్ వాడేశారు, నిల్వలు తరిగాయి. మరోవైపు ఎగుమతులు పెరిగాయి. వెంటనే విపరీతమైన చలి వచ్చింది. 2014 జనవరి చివరికి దేశంలో ఇళ్లకు అమ్మే ప్రొపేన్ సగటు ధర గ్యాలన్‌కు 4 డాలర్లు దాటింది, మిడ్‌వెస్ట్‌లో ఇంకా పైకి పోయింది. ధర కంటే పెద్ద కష్టం సరుకు దొరకకపోవడం. డీలర్లు ముందు తమ పాత ఖాతాదారులకు పోశారు, కొత్తవారికి కొంచెం కొంచెంగా పోశారు లేదా అసలు పోయలేదు. ఒప్పందం లేకుండా ఎప్పటికప్పుడు చౌక ధర వెతుక్కునే పద్ధతికి ఉన్న ప్రమాదం ఇదే.

మీరే ఫోను చేసి తెప్పించుకునే పద్ధతిలో ఉంటే ఈ లెక్క ఫ్రిజ్ మీద అంటించుకోండి. గంటకు లక్ష బీటీయూల ఫర్నేసు ఆగకుండా నడిస్తే గంటకు సుమారు 1.1 గ్యాలన్ తాగుతుంది. గట్టి చలిరోజున మొత్తం 12 గంటలు నడిస్తే 13 గ్యాలన్లు. 500 గ్యాలన్ల ట్యాంకులో ముల్లు 20 దగ్గర ఉంటే మిగిలింది దాదాపు వారం రోజుల వెచ్చదనం. మంచు తుఫాను పడితే లారీ రావడానికే వారం పట్టవచ్చు. అందుకే 30 దగ్గరే ఫోను చేయాలి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే గ్యాసు పోసినంత మాత్రాన సరిపోదు. పైపుల్లో లీకు పరీక్ష చేసి, పరికరాల్లో ఎప్పుడూ వెలుగుతుండే చిన్న మంటలను (పైలట్లను) వెలిగించాకే ఇల్లు మళ్లీ వెచ్చబడుతుంది, దానికీ రుసుము ఉంటుంది. మరో సంగతి, ట్యాంకు నిండుగా ఉన్నా కరెంటు పోతే ఫర్నేసు ఫ్యాన్ తిరగదు.

హీటింగ్ ఆయిల్ ఇల్లు కొనేవారికి ఒక్క హెచ్చరిక. న్యూజెర్సీ పాత ఇళ్ల పెరళ్లలో వాడకం మానేసిన ఆయిల్ ట్యాంకులు భూమిలోనే ఉండిపోయినవి ఉన్నాయి. అవి తుప్పుపట్టి కారితే మట్టి శుభ్రం చేయించే ఖర్చు ఇంటి యజమాని మీద పడుతుంది. ఇల్లు ఇప్పుడు గ్యాసుతో నడుస్తున్నా సరే, కొనేముందు పెరట్లో ట్యాంకు కోసం పరికరాలతో వెతికించండి.

డిసెంబరు సెలవులకు బయల్దేరి సంక్రాంతి చూసుకుని తిరిగి వచ్చే కుటుంబాలు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఖాళీ ఇల్లు, నెల రోజులు, ఏడాదిలో అతి చల్లటి కాలం. బయల్దేరే ముందు ట్యాంకు నింపించండి. డబ్బు ఆదా అని వేడి పూర్తిగా ఆపేయవద్దు, 55 ఫారెన్‌హీట్ కంటే తగ్గించవద్దు. ఇంటికి వచ్చే నీటి ప్రధాన వాల్వు కట్టేసి కుళాయిలు తెరిచి పైపుల్లో నీరు వదిలేయండి. ఇంట్లో ఉష్ణోగ్రత పడిపోతే ఫోనుకు కబురు వచ్చే థర్మోస్టాట్ పెట్టించి, తాళంచెవి, డీలరు ఫోను నంబరు నమ్మకమైన పొరుగువారికి ఇవ్వండి. మంచు పడినప్పుడు ట్యాంకు దాకా దారి, ట్యాంకు మీది రెగ్యులేటరు, గోడ బయట ఫర్నేసు పొగగొట్టం శుభ్రం చేసేవారు కూడా ఉండాలి. ఆ గొట్టం మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది.

ఆ వాయువుకు రంగూ వాసనా లేవు. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర డిటెక్టర్లు ఉండాలి, బ్యాటరీలు అక్టోబరులోనే మార్చాలి. వేడి పోయిందని ఓవెన్ తెరిచి పెట్టడం, బార్బెక్యూ కుంపటి లోపలికి తేవడం, గ్యారేజీలో కారు నడిపి అందులో కూర్చోవడం ప్రాణాంతకం. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు ఇలాంటి పనుల వల్ల ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. జనరేటరు ఇంటికి 20 అడుగుల దూరంలో, బయటే ఉండాలి.

ప్రొపేన్‌కు మాత్రం కుళ్లిన గుడ్డు వాసన కలుపుతారు. ప్రొపేన్ గాలికంటే బరువు, కారితే బేస్‌మెంట్ నేల మీద పేరుకుంటుంది. అందుకే ప్రొపేన్ డిటెక్టరు నేలకు దగ్గరగా పెట్టాలి. భారతదేశం నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు, వయసుతో వాసన పట్టే శక్తి తగ్గుతుంది, పోపు ఘాటులో ఈ వాసన తేలిపోవచ్చు. వారిని పెరట్లోకి తీసుకెళ్లి ట్యాంకు వాల్వు ఎక్కడుందో, ఎటు తిప్పితే మూతపడుతుందో చూపించండి. వాసన వస్తే లైటు స్విచ్చి ముట్టుకోకుండా, ఫోను కూడా లోపల వాడకుండా అందరూ బయటికి వచ్చేయాలి. వీలైతే వాల్వు కుడివైపుకు తిప్పి మూసి, దూరంగా వెళ్లాక 911కు, తర్వాత డీలరుకు ఫోను చేయాలి. వారు వచ్చి చూసి చెప్పేదాకా లోపలికి వెళ్లకూడదు, వాల్వు మళ్లీ తెరవకూడదు.