ఇంట్లో కట్టిన అక్వేరియం, సొంత ఫిల్టరు: ఏ లక్షణానికి ఏది కారణం, ఎలా సరిచేయాలి

సొంతంగా గాజు అంటించి కట్టిన ట్యాంకులో, చేత్తో చేసిన ఫిల్టరులో ఏదైనా తేడా కనిపించగానే చాలామంది నీళ్లలో ఏదో ఒక మందు పోస్తారు. లేదంటే ఫిల్టరు మొత్తం విప్పి, అన్నీ శుభ్రంగా కడిగేస్తారు. రెండూ తొందరపాటే. ఇంట్లో చేసిన ఫిల్టరు ఇబ్బందుల్లో ఎక్కువ భాగం నీటి దారిలో ఉంటాయి. నీళ్లు వెళ్లాల్సిన చోటికి వెళ్లవు, లేదా పక్క సందులోంచి జారుకుంటాయి. అందుకే ఏ లక్షణం కనిపించినా ముందు నీళ్లు ఎక్కడ దిగుతున్నాయి, దేనిగుండా పోతున్నాయి, ఎక్కడ తిరిగి వస్తున్నాయి అన్నది మొదలు నుంచి చివరిదాకా కళ్లతో చూసుకోండి. తర్వాతే చేయి పెట్టండి. ఒక విడతలో ఒక్క మార్పే చేయండి, లేకపోతే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

చేయి నీళ్లలో పెట్టే ముందు పంపు, హీటరు ప్లగ్గులు తీసేయాలి. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకెక్కి ప్లగ్గుకు చేరాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. ఈ లైనుకు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. ఇందులో నేను రాజీపడను.

ట్యాంకు కింద తడి కనిపిస్తోంది

తడి కనిపించిన ప్రతిసారీ జాయింటు పోయినట్టు కాదు. ఎయిర్ స్టోన్ బుడగలు పగిలి చిమ్మిన నీళ్లు, ఎయిర్ ట్యూబు వెంట పాకి వచ్చిన నీళ్లు, చల్లని గాజు మీద పట్టిన చెమ్మ కూడా కిందికి దిగి ఇలాగే కనిపిస్తాయి. బయటివైపు అంతా పొడిగా తుడిచి, ప్రతి మూల దగ్గరా, పైపు జాయింటు దగ్గరా ఒక్కో టిష్యూ ముక్క పెట్టండి. ముందుగా తడిసిన ముక్కే చోటు చెబుతుంది. నీళ్లు జాయింటు వెంట కిందికి జారతాయి కాబట్టి, అడుగు మూల తడిసిందంటే కారేది అక్కడేనని అనుకోవద్దు. పంపు ఆపి, నీటిమట్టం దగ్గర టేపు అంటించి వదిలేయండి. నీళ్లు కొంత తగ్గి ఒక చోట ఆగిపోతే, సందు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంది.

చాలామంది ఇక్కడ బయటినుంచి సిలికాన్ పూస్తారు. అది నిలవదు. నీటి ఒత్తిడి లోపలినుంచి ఆ పూతను బయటికే తోస్తుంది. పైగా కొత్త సిలికాన్ ఆరిన పాత సిలికాన్‌కు సరిగా పట్టదు. ట్యాంకు ఖాళీ చేసి, లోపలి మూలల పూతను బ్లేడుతో పూర్తిగా గీరేసి, గాజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నాలుగు మూలలూ, అడుగు అంచులూ ఒకే విడతలో కొత్తగా పూయాలి. కారే చోట మాత్రమే చిన్న ముక్క పూస్తే, పాతా కొత్తా కలిసే చోట మళ్లీ అదే కథ. గాజుకీ గాజుకీ మధ్య ఉన్న అసలు జాయింటులోనే తెల్లగా ఊడిన మచ్చ కనిపిస్తే మాత్రం లోపలి పూత సరిపోదు. ఆ గాజును విడదీసి మళ్లీ అంటించాల్సిందే.

బాత్‌రూముల కోసం అమ్మే, బూజు పట్టకుండా మందు కలిపిన సిలికాన్ వాడకండి. ఆ మందు చేపలకు ప్రమాదం. అక్వేరియంకు పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉన్నదే తీసుకోండి. మామూలు రకం ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. వాసన తగ్గింది కదా అని నీళ్లు నింపొద్దు. పైన గట్టిపడినా లోపల పచ్చిగానే ఉంటుంది. మందంగా వేసిన చోట వారం ఆగడం మంచిది.

ముందు గాజు మధ్యలో ఉబ్బినట్టు కనిపిస్తే అది ఇంకా ముఖ్యం. 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల లోతు నీళ్లున్న ట్యాంకులో ముందు గాజు మీద పడే తోపు దాదాపు 90 కిలోల బరువుతో సమానం. లోతు రెండింతలైతే ఆ తోపు నాలుగింతలవుతుంది. ట్యాంకు వెనక్కి ఎంత వెడల్పు ఉన్నా దీనికి సంబంధం లేదు. కాబట్టి ఎత్తైన ట్యాంకుకు మందమైన గాజు, పై అంచుల మీద అడ్డ పట్టీలు కావాలి. పట్టీ తర్వాత వేయాలనుకుంటే నీళ్లు సగానికి దించి, గాజు తిన్నగా వచ్చాకే అంటించండి. స్టాండు మట్టం కూడా రసమట్టంతో చూడండి. ఒక మూల పల్లంగా ఉంటే బరువు మెలిపెట్టినట్టు పడి, ఎంత బాగా వేసిన జాయింటైనా కొన్నాళ్లకు చీలుతుంది.

కరెంటు పోతే కింద సంప్ పొంగుతోంది

సంప్ అంటే ఇక్కడ ట్యాంకు కింద పెట్టే ఫిల్టరు తొట్టి. అందులో గదులుంటాయి, చివరి గదిలో పంపు ఉంటుంది. అది పొంగడం డిజైన్ లోపం, పంపు లోపం కాదు. పంపు ఆగగానే, నీళ్లను పైకి చేర్చే రిటర్న్ పైపు సైఫన్‌గా మారి, పై ట్యాంకు నీళ్లను వెనక్కి లాగుతుంది. పైపు మూతి నీళ్లలోంచి బయటపడేదాకా ఆగదు. 90×45 అడుగు ఉన్న ట్యాంకులో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే సుమారు 4 లీటర్లు. మూతి 10 సెంటీమీటర్ల లోతులో ఉంటే 40 లీటర్లు కిందికి వచ్చేస్తాయి. సంప్‌లో అంత చోటు ఎక్కడుంటుంది?

రిటర్న్ మూతిని నీటిమట్టానికి కొద్దిగా మాత్రమే కిందుగా పెట్టండి. కుదరకపోతే, మట్టానికి కాస్త కింద పైపుకు 3 లేదా 4 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రం పాకుడుతో పూడుకుపోతుంది, ఒక్కోసారి నత్తపిల్ల కూడా అడ్డం కూర్చుంటుంది. కాబట్టి గాజు తుడిచినప్పుడల్లా పుల్లతో ఒకసారి పొడిచి చూడండి. నీళ్లను వెనక్కి రానివ్వని చెక్ వాల్వును మాత్రమే నమ్ముకోవద్దు. చిన్న ఇసుకరేణువు ఇరుక్కున్నా అది మూసుకోదు.

మట్టం ఎంత ఉండాలో తేల్చుకునే పద్ధతి ఇది: పంపు ఆపి, పైనుంచి దిగాల్సిన నీళ్లన్నీ దిగనివ్వండి. ఆ స్థితిలో సంప్ అంచుకు మూడు నాలుగు వేళ్ల ఖాళీ మిగిలేలా నీళ్లు సర్దండి. పంపు మళ్లీ వేసి, మట్టం నిలకడగా వచ్చాక చివరి గదికి స్కెచ్‌పెన్‌తో గీత గీయండి. ఇకమీదట ఆ గీత దాటి నీళ్లు పోయకూడదు. చేపలు వేయకముందే ఇలా ఆపి, వేసి, ఆపి చూసుకుంటే తర్వాత నిద్ర పడుతుంది.

పై ట్యాంకు పొంగింది

నీళ్లు దిగే దారి మూసుకుపోయింది, పంపేమో తోస్తూనే ఉంది. నీళ్లు కిందికి దిగే ఓవర్‌ఫ్లో పెట్టె పళ్లకు ఆకు అడ్డుపడటం మామూలు కారణం. ట్యాంకు అంచుకు తగిలించే, వంపు ట్యూబుతో సైఫన్ నడిచే రకమైతే ఇంకో చిక్కుంది. చిన్న చిన్న బుడగలు ట్యూబు పైవంపులో చేరి చేరి పెద్ద గాలి తిత్తిగా మారతాయి, ఒకరోజు సైఫన్ తెగుతుంది. ఈ రకంలో ప్రవాహం మరీ నెమ్మదిగా ఉంటే బుడగలు కొట్టుకుపోవు, కాబట్టి పెద్ద ట్యూబు కంటే సరిపడా సన్న ట్యూబే మేలు. కొత్తగా కడుతున్నవాళ్లు గాజుకు రంధ్రం వేయించి పైపు దించడమే నా సలహా. టెంపర్డ్ గాజుకు మాత్రం రంధ్రం పెట్టబోతే మొత్తం పొడిపొడి అవుతుంది, ముందే తెలుసుకోండి. ఒక పైపు మూసుకుపోతే పనికొచ్చేలా కాస్త ఎత్తులో రెండో పైపు ఉండాలి.

ఇంకో కాపుదల సంప్ కొలతల్లోనే పెట్టుకోవచ్చు. పంపు ఉండే చివరి గదిని చిన్నదిగా కట్టండి. పైన దారి మూసుకుపోయినా ఆ గదిలోని నీళ్లు మాత్రమే పైకి వెళ్తాయి. పై ట్యాంకు అంచు దగ్గరి ఖాళీ అంతకంటే ఎక్కువైతే నేల తడవదు.

బుడగలు, గడగడ శబ్దం

ట్యాంకు నిండా సన్నని బుడగలు తేలుతుంటే పంపు గాలి పీలుస్తోంది. ఆవిరైన నీళ్ల లోటు సంప్‌లో చివరి గదిలోనే కనిపిస్తుంది, పై ట్యాంకు మట్టం మారదు. అందుకే పైన చూసి నీళ్లు నిండుగానే ఉన్నాయనుకుంటారు. గీత దాకా మంచినీళ్లు పోస్తే చాలాసార్లు అక్కడితో సరి. అప్పటికీ తగ్గకపోతే గదుల మధ్య అడ్డుగోడలు పెట్టి, బుడగలు పైకి తేలిపోయేంత సమయం ఇవ్వండి.

దిగే పైపులో గడగడ అంటే నీళ్లు, గాలి కలిసి దిగుతున్నాయి. పైపు కింది చివరను సంప్ నీళ్లలోకి 2, 3 సెంటీమీటర్లకు మించి ముంచకండి. పైపు తలమీద మూత పెట్టి సన్నని గాలి రంధ్రం వదలండి.

నీళ్లు సన్నగా వస్తున్నాయి, లేదా బాగా వస్తున్నా మురికి పోవడం లేదు

పంపు డబ్బా మీద గంటకు ఇన్ని లీటర్లు అని రాసేది ఎత్తు ఏమీ లేనప్పటి లెక్క. పైకి తోసేకొద్దీ, వంపులు పెరిగేకొద్దీ తగ్గుతుంది. ట్యాంకు నీళ్లు గంటకు నాలుగైదు సార్లు తిరిగేలా, ఎత్తు లెక్క తీసేశాక చూసి పంపు ఎంచుకోండి. కొత్తలో బాగుండి క్రమంగా తగ్గితే ముందు స్పాంజి, తర్వాత పంపులో నీళ్లను తోసే చక్రం, అంటే ఇంపెల్లర్ చూడండి. దాని చుట్టూ సున్నం, జిగురు పట్టి ఉంటుంది. వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి పెడితే మళ్లీ తిరుగుతుంది. కరెంటు పోయి వచ్చాక పంపు మూలుగుతూ తిరగకపోవడానికి కూడా ఇదే కారణం.

ప్రవాహం బాగుండి మురికి పోకపోతే స్పాంజి బయటికి తీసి చూడండి. ఎన్నాళ్లయినా అది శుభ్రంగానే ఉందంటే సంతోషించాల్సిన విషయం కాదు, నీళ్లు దానిలోంచి పోవడమే లేదు. డబ్బా గోడకీ స్పాంజికీ మధ్య వేలు దూరే సందు చాలు, నీళ్లన్నీ అటే పోతాయి. స్పాంజిని డబ్బా కొలత కంటే ఒక సెంటీమీటరు పెద్దగా కోసి, నొక్కి బిగించండి. వరుస కూడా ముఖ్యం: ముందు ముతక స్పాంజి, తర్వాత సన్నది, ఆ తర్వాతే సెరామిక్ రింగులు లేదా లావా రాళ్లు. రింగులు ముందు పెడితే వాటి రంధ్రాలు మడ్డితో పూడిపోయి, చేపల వ్యర్థాలను మార్చే బ్యాక్టీరియాకు చోటే మిగలదు.

ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరైతే గాలి ట్యూబును నిలువు పైపులో వీలైనంత కిందికి దించండి. బుడగ ఎంత లోతు నుంచి లేస్తే అంత నీరు లాగుతుంది. ఎయిర్ పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే ట్యూబులో చెక్ వాల్వు కచ్చితంగా వేయాలి.

కొత్త ట్యాంకు పాలు కలిపినట్టు తెల్లబడింది, చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి

ఒక్క తెల్లదనమే అయితే ఆందోళన అక్కర్లేదు. ఇసుక సరిగా కడగకపోతే మొదటిరోజే మసక వస్తుంది, సన్న స్పాంజి పట్టేస్తుంది. కొన్నిరోజుల తర్వాత వచ్చే తెల్లదనం నీళ్లలో తేలే బ్యాక్టీరియా. మేత తగ్గించి ఊరుకుంటే దానంతటదే పోతుంది.

చేపలు కూడా అవస్థ పడుతుంటే అది వేరే విషయం. చేపలు వదిలే అమ్మోనియాను ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను ఇంకో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు. ఈ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఫిల్టరు ఎంత గొప్పగా కట్టినా ఈ సమయాన్ని దాటేయలేం. టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ రెండూ కొలవండి. పీహెచ్ కూడా చూడండి, ఎందుకంటే అది 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది.

ఏది కనిపించినా వెంటనే మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చండి, మేత ఆపండి, గాలి పెంచండి. కొత్త నీళ్లలో క్లోరిన్ తీసే మందు కలపాలి. క్లోరిన్‌కు బదులు క్లోరమీన్ అనే మందుతో శుద్ధి చేసే నీళ్లను ఒక రాత్రి బకెట్‌లో ఉంచినంత మాత్రాన అది పోదు. కొలతలు రెండూ సున్నా ఉండి చేపలు పైకే వస్తుంటే ఆక్సిజన్ తక్కువైంది. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టుకునే శక్తి తగ్గుతుంది. రిటర్న్ మూతిని పైకి తిప్పి, నీటి పైభాగం బాగా కదిలేలా చేయండి.

ఇంకా చేపలు వేయనివాళ్లకు తేలిక దారి ఉంది. లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండేలా అమ్మోనియా కలిపి, రోజూ కొలుస్తూ ఉండండి. ఒక్క రోజులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగుతున్నాయంటే ఫిల్టరు సిద్ధం.

పాత ట్యాంకులో ఉన్నట్టుండి ఇదే లక్షణం వస్తే, ఈమధ్య ఫిల్టరును కుళాయి నీళ్లలో కడిగారా అని గుర్తు చేసుకోండి. క్లోరిన్ తగిలి బ్యాక్టీరియా చచ్చిపోయి ఉంటుంది. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి, గోధుమరంగు జిగురు కొంత ఉండనివ్వాలి. రింగుల జోలికి ఆ రోజు వెళ్లకూడదు.

కుళ్లిన గుడ్డు వాసన

ఆక్సిజన్ అందని చోట హైడ్రోజన్ సల్ఫైడ్ తయారైంది. మందంగా పరిచిన ఇసుక అడుగున, లేదా మూతపెట్టిన డబ్బా ఫిల్టరులో కరెంటు చాలాసేపు లేనప్పుడు ఇలా జరుగుతుంది. ఆ ఫిల్టరును నేరుగా మళ్లీ వేస్తే ఆ నీళ్లన్నీ చేపల మీదికే వెళ్తాయి. ముందు విప్పి, లోపలి నీళ్లు పారబోసి, స్పాంజి, రింగులు ట్యాంకు నీళ్లలో జాడించి తర్వాత వేయండి.

రంగులు

పచ్చని నీళ్లు నీటిలో తేలే నాచు. ఎండ తగలకుండా చూసి, మూడు నాలుగు రోజులు దుప్పటి కప్పి చీకటి చేసి, తర్వాత నీళ్లు మార్చండి, లేదా యూవీ దీపం పెట్టండి. స్పాంజి దీన్ని పట్టలేదు. కొత్త ట్యాంకులో గాజు మీద గోధుమరంగు పొడి డయాటమ్‌లనే సూక్ష్మ నాచుది, తుడిస్తే పోతుంది, కొన్ని వారాల్లో రావడమే మానేస్తుంది. టీ రంగు నీళ్లు చెక్క ముక్కల్లోంచి దిగే రంగు, హాని లేదు. నచ్చకపోతే కొన్ని వారాలకోసారి మారుస్తూ యాక్టివేటెడ్ కార్బన్ వాడండి. చేపలకు మందు వేసే రోజుల్లో మాత్రం కార్బన్ తీసేయాలి, మందును అదే మింగేస్తుంది.

చేపలు బాగానే ఉన్నాయి, రొయ్యలు, నత్తలు చనిపోతున్నాయి

పైపు లైనులో ఎక్కడైనా ఇత్తడి లేదా రాగి ఫిట్టింగు, క్లిప్పు ఉందేమో చూడండి. చేపలు తట్టుకునేంత రాగి కూడా వీటిని చంపేస్తుంది. ఆ ముక్క తీసి ప్లాస్టిక్‌ది వేసి, విడతలు విడతలుగా నీళ్లు మార్చండి. కొన్ని చేపల మందుల్లోనూ రాగి ఉంటుంది, సీసా మీద పేర్లు చదివే వేయండి.